రస్సెల్ ఎవరు మేడమ్?



ఈ ఏడాది ఏడో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాను. మీకు తెలిసిన వన్యప్రాణుల పేర్లు పది రాయమన్నాను. అయిదు నిమిషాల్లో అందరూ రాసేశారు. సింహం, పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి, కంగారూ, అనకొండ... స్పెల్లింగులు కూడా చక్కగా ఉన్నాయి. కానీ అన్ని నోట్‌బుక్కులూ తిరగేసినా మన మండలంలోనే ఉన్న కొండకర్ల ఆవలో తిరిగే పిట్ట ఒక్కటీ కనిపించలేదు.

ఒక అబ్బాయి మాత్రం 'రస్సెల్స్ వైపర్' అని రాశాడు. అదెక్కడ ఉంటుందని అడిగితే "ఆఫ్రికాలో మేడమ్, టీవీలో చూశాను" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి "రస్సెల్ ఎవరు మేడమ్?" అంది. నాకు తెలియదు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. డిగ్రీలోగానీ బీఎడ్‌లోగానీ ఆ పేరు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది, ఆయన మన విశాఖపట్నంలో ఉన్న డాక్టరు!

పాట్రిక్ రస్సెల్ స్కాట్లాండ్ దేశస్థుడు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగంలో ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి 1781లో విశాఖపట్నం వచ్చాడు. తర్వాత కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. 1789లో తిరిగి వెళ్లేదాకా ఈ తీరంలో పాములు, చేపలు, మొక్కలు సేకరించాడు. పాముకాటుతో మనుషులు చనిపోవడం చూసి, ఏది విషప్పామో ఏది కాదో అందరూ గుర్తుపట్టే మార్గం కోసం ప్రయత్నించాడు. ఆయన పాముల పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మల పుస్తకం 1803లో వచ్చింది.

నన్ను ఆపేసిన సంగతి ఇదొక్కటీ కాదు. ఆ పుస్తకాల్లో బొమ్మల దగ్గర ఉన్నవి చాలావరకు మన పేర్లే, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇవాళ ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటున్న పామును ఆయన తన పేరుతో పిలుచుకోలేదు. ఇక్కడివాళ్లను అడిగి 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్నాడు. ఆ పాము వీపు మీద నల్లటి అంచులతో వరసగా ఉండే మచ్చలను ఒక్కసారి చూస్తే ఆ పేరు ఎంత కచ్చితమో అర్థమవుతుంది. మన ఊళ్లలో రక్తపింజర అనీ, పొడపాము అనీ అంటున్నది దాన్నే. ఆఫ్రికాలో అది లేదు. మన జీడితోటల్లో, వరిచేల గట్ల మీద ఉంది.

పసుపు, నలుపు పట్టీలుండే ఇంకో పామును ఆయన 'బంగారు పాము' అని రాసుకున్నాడు. శాస్త్రజ్ఞులు కట్లపాముల జాతికి పెట్టిన 'బంగారస్' అనే పేరు ఆ తెలుగు మాటలోంచే వచ్చింది. పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు "మావాడికి తెలుగు పేర్లెందుకు మేడమ్, ఇంగ్లిష్‌లో వస్తే చాలదా" అన్నారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు ఉంది. సార్, లండన్ పుస్తకానికే తెలుగు పేర్లు అవసరమయ్యాయి.

చేపల పుస్తకం పేజీలు కొన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికితే ప్రింట్ తీసి క్లాసుకు పట్టుకెళ్లాను. ఒక బొమ్మ కింద పేరును నేను నా ఇంగ్లిష్ ఉచ్చారణతో 'వింగెరమ్' అని చదివాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి, పూడిమడక నుంచి వచ్చేవాడు, నవ్వు ఆపుకోలేక "వంజరం మేడమ్! వంజరం!" అన్నాడు. తర్వాతి బొమ్మ కోనాం అని నేను నోరు తెరవకముందే చెప్పాడు. పాల సొర అన్నాడు. ఏ చేప ఏ కాలంలో పడుతుందో, ఏ వలకు పడుతుందో చెప్పుకుంటూ పోయాడు. ఇంగ్లిష్ స్లిప్ టెస్టుల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకునే పిల్లాడు ఆ రోజు 1803 నాటి ఇంగ్లిష్ పుస్తకాన్ని నాకంటే బాగా చదివాడు. మర్నాడు ఆ ప్రింటులు ఇంటికి తీసుకెళ్లి వాళ్ల తాతగారికి చూపిస్తానని అడిగి మరీ పట్టుకెళ్లాడు.

అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మన పిల్లల చేత మనం చాలా పుస్తకాలు కొనిపిస్తున్నాం, చదివిస్తున్నాం. వాటిలో ఈ నేల లేదు. మీలో చాలామంది సెజ్ కంపెనీల్లో ఉద్యోగాల కోసం వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మీ పిల్లలకు అచ్యుతాపురం అంటే క్వార్టర్సు, స్కూలు బస్సు, జంక్షన్‌లో బేకరీ. ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాల పిల్లలకు కూడా అంతకంటే ఎక్కువేం తెలియడం లేదు. తోటలుండే చోట ప్రహరీగోడలు లేచాయి. ఆ నేల మీద ఏముండేదో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లోనే ఉన్నా, వాళ్లను అడిగే తీరిక పిల్లలకు మనం ఇవ్వడం లేదు. ఆ 'మనం'లో నేనూ ఉన్నాను. సిలబస్ వెనకబడితే నేను మొదట కోసేసేది లైబ్రరీ పీరియడే.

పుస్తకం ఉంటే ఏమవుతుందని అడగొచ్చు. పేరు తెలియని పిట్టను పిల్లలు రెండోసారి చూడరు. పేరు తెలిస్తే వెతుకుతారు. సలీం అలీ, లయీక్ ఫతేఅలీ కలిసి రాసిన 'కామన్ బర్డ్స్' అనే చిన్న పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ వేసింది. నేను దాన్ని బ్యాగులో వేసుకుని శీతాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే కొండకర్ల వెళ్లాను. రెండు తాటి దోనెలను జతకట్టి నడిపే పడవలో, తామరాకుల మధ్య గంటసేపు తిరిగాను. నీటికాకి, బుడబుంగ, నత్తగుల్లకొంగ... అన్నాళ్లూ నాకు ఇవన్నీ 'కొంగలు, బాతులు' మాత్రమే. వాటి పేర్లు సగం పుస్తకం చెప్పింది, సగం దోనె నడిపినాయన చెప్పాడు. పిల్లలతో వెళ్లేటప్పుడు నాదొక సలహా. ముందు పిట్టను చూడనివ్వండి, ముక్కు ఎలా ఉంది, కాళ్లు ఏ రంగు అని వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాతే పుస్తకం తెరవండి. ఫోన్ అయితే ఫొటో తీయగానే పేరు చెప్పేస్తుంది, పిల్లలు పిట్టను చూడటం మానేస్తారు. (దోనె ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఇది టీచరుగా కాదు, ఈత రాని మనిషిగా చెబుతున్నాను.)

చరిత్రకూ ఇదే దారి. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. అప్పటి పంటలు, కరువులు, జమీందారీలు, ఊళ్ల సంగతులు అందులో ఉన్నాయి. పాలకుల కోసం పాలకులు రాసుకున్న పుస్తకం అది, ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రోజుకో పేజీ ఇస్తే కాంప్రహెన్షన్ ప్యాసేజీ కోసం వేరే గైడు కొనక్కర్లేదు. అనకాపల్లి దగ్గర శంకరంలో 1906లో అలెగ్జాండర్ రే తవ్వకాలు మొదలుపెడితే సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడింది. ఆ ఊరి పేరు సంఘారామం నుంచి వచ్చిందని చెబుతారు. హిస్టరీ పాఠంలో సముద్రగుప్తుడిని బట్టీ పట్టే పిల్లాడికి, ఆయన నాణెం పక్క ఊళ్లో దొరికిందని తెలిశాక బొజ్జన్నకొండ మెట్లెక్కడం వేరే రకంగా ఉంటుంది.

పాముల విషయంలో మాత్రం ఇది సరదా కాదు. రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. విషం లేని నీరుకట్టు పామును కొట్టి చంపేవాళ్లున్నారు. మన దేశంలో ఆసుపత్రుల్లో ఇచ్చే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరల విషాలకు పనిచేస్తుంది. ఆ నాలుగింటినీ బొమ్మలో గుర్తుపట్టడం ప్రతి బిడ్డకూ రావాలి. రోములస్ విటేకర్, అశోక్ కెప్టెన్ 2004లో తెచ్చిన 'స్నేక్స్ ఆఫ్ ఇండియా' ఫొటోలతో ఉన్న మంచి పుస్తకం. ధర ఎక్కువే కాబట్టి ఇంటింటికీ కొనమనను, స్కూలు లైబ్రరీకి కావాలని అడగండి. టీచర్లు అడిగినదానికంటే పేరెంట్స్ అడిగిన పుస్తకం త్వరగా వస్తుంది. కాటు పడితే పామును పట్టుకునే ప్రయత్నం వద్దు. గాటు పెట్టడం, బిగించి కట్టడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలని కూడా పిల్లలతో చెప్పించండి.

ఈ నెల నుంచి లైబ్రరీలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెడుతున్నాం. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చేప, పిట్ట, చెట్టు, పాము, చెరువు ఏదైనా సరే, ఆ పేరు వాళ్ల ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయాలి. ఒడియా అయినా హిందీ అయినా తమిళం అయినా పర్వాలేదు. దీనికి మార్కులు లేవు. దయచేసి ప్రాజెక్ట్ వర్క్ అనుకుని మీరే రాసి పంపకండి.

పూడిమడక తాతగారి దగ్గరికి వెళ్లిన ప్రింటులు తిరిగి వచ్చాయి. ఒక్కటి తప్ప అన్నింటి పక్కనా మనవడు తాత చెప్పిన పేర్లు పెన్సిల్‌తో రాశాడు. మిగిలిన ఆ ఒక్క బొమ్మనూ లైబ్రరీ తలుపు పక్కన అంటించాం. పిల్లలను దింపడానికి వచ్చినప్పుడు ఒకసారి చూడండి, మీలో ఎవరైనా గుర్తుపడతారేమో.