దడంటే భయమొక్కటేనా?

మన తెలుగులో గుండె చుట్టూ ఎన్ని మాటలో చూడండి. గుండె ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది, జారిపోతుంది, చెరువైపోతుంది. గుండెల్లో రాయి పడుతుంది, రైళ్లు పరిగెడతాయి. లెక్కపెట్టి చూస్తే వీటిలో చాలా వరకు భయానికో దిగులుకో చెప్పుకునే మాటలే. అందుకేనేమో, ఒక ఆడపిల్ల "గుండె దడగా ఉంది" అనగానే "దేనికి భయపడ్డావే?" అని అడుగుతారు. "ఎప్పట్నుంచి? ఎంతసేపు ఉంటోంది?" అని అడిగేవాళ్లు తక్కువ. నా అభ్యంతరమంతా అక్కడే. దడ భయం వల్ల రావచ్చు. కానీ చూడకుండానే భయం వల్లే అని తేల్చేయడం మాత్రం తప్పు.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. తెలిసొచ్చినప్పుడు దాన్ని దడ అంటాం. డాక్టర్లు పాల్పిటేషన్స్ అంటారు. ఇక్కడ మద్రాసులో పక్కింటి మామి పడపడప్పు అంటుంది. ఏ పేరుతో పిలిచినా అది జబ్బు కాదు, ఒక లక్షణం. కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉండటం మామూలు. ఎలక్ట్రిక్ ట్రైన్ కోసం మెట్లన్నీ పరిగెత్తి ఎక్కితే, వైవాలో మన నంబరు పిలిస్తే, జ్వరమొస్తే అది పెరుగుతుంది. పరీక్షల ముందు రాత్రి నిద్ర మానేసి, మూడు కప్పులు ఫిల్టర్ కాఫీ తాగినా పెరుగుతుంది. కాలేజీలో బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని పొద్దుట్నుంచీ నీళ్లు తాగకపోయినా పెరుగుతుంది. కొన్ని జలుబు మాత్రలు, ఆస్తమాకి పీల్చే మందులు కూడా దడ పుట్టిస్తాయి. ఇలాంటివి కారణం పోగానే వాటంతటవే తగ్గిపోతాయి. నిజానికి ఎక్కువ మందికి వచ్చే దడ ప్రమాదం లేనిదే. ఎవర్నీ బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు కనక ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మరి గోడపత్రికలో ఇంత చోటు ఎందుకు అంటారా? మన వయసు ఆడపిల్లల్లో దడకు మామూలుగా కనిపించే ఒక కారణం మన కంచంలోనే ఉంది కాబట్టి. అది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే ఒక్కో విడతకు మోసే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అదే దడ, అదే మెట్లెక్కితే ఆయాసం. మా హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి రెండు నెలలు ఇదే తంతు. "పరీక్షల భయం, ధ్యానం చెయ్యి" అన్నారందరూ. పాపం చేసింది కూడా. తీరా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. గర్భిణి కాని ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని ఆ పిల్ల సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చి, వాటిని అన్నంతోపాటు టీ కాఫీలతో కలపొద్దన్నారు, నిమ్మరసంతో అయితే మంచిదన్నారు. నెలసరికి కూడా వైద్యం మొదలుపెట్టారు. మూడు నెలల్లో దడ పోయింది. ఆ తర్వాత వచ్చిన పరీక్షలకి మాత్రం మా అందరిలాగే భయపడింది!

రెండోది థైరాయిడ్. అది అతిగా పనిచేస్తే దడతోపాటు చేతులు వణుకుతాయి, ఆకలి బాగానే ఉన్నా బరువు తగ్గుతుంది, అందరికీ చల్లగా ఉన్నచోట మనకి చెమట పడుతుంది. మూడోది గుండెలోని విద్యుత్ మార్గాల్లో తేడా. ఇందులో ఒక రకం స్విచ్ వేసినట్టు ఠక్కున మొదలై, 150 దాటి పరిగెత్తి, మళ్లీ ఠక్కున ఆగిపోతుంది. ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా మామూలే, ఈసీజీ కూడా మామూలే. దాంతో "నీది మనసు జబ్బు" అనే ముద్ర పడుతుంది. ఒక్క ఈసీజీ బాగుందంటే ఆ నిమిషంలో బాగుందనే అర్థం. దడ వచ్చినప్పుడు తీసినదే అసలు సాక్ష్యం. అందుకే 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే హోల్టర్ పరీక్ష ఉంది. అడగడం మన హక్కు.

ఇక అసలు మాటకొస్తాను. మన ఇళ్లలో దడ సంగతి బయటికి రాకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. "పెళ్లి కావలసిన పిల్ల, గుండె జబ్బని పేరు పడితే ఎవరు చేసుకుంటారు?" అన్న గుసగుస కూడా ఉంది. ఈ గుసగుస దడ కంటే ప్రమాదం అని నేనంటాను. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనక కీళ్లనొప్పులతో జ్వరం వచ్చి, గుండె కవాటాలు దెబ్బతినే రుమాటిక్ జబ్బు మన దేశంలో ఇంకా ఉంది. సన్నబడిన కవాటంతో ఏళ్ల తరబడి పెద్ద బాధ లేకుండానే గడిచిపోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి దాగిన జబ్బు అప్పుడు బయటపడుతుంది, అదీ తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణం మీదికి తెస్తూ. ముందే తెలిస్తే మందులున్నాయి, మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉంది, కవాటాన్ని వెడల్పు చేసే పద్ధతీ ఉంది. సంబంధం చెడుతుందని దాచిపెట్టి, సంబంధం కుదిరాక ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏం తెలివి?

ఇంకో అడ్డంకి సిగ్గు. ఈసీజీకి ఛాతీ మీద తీగలు అంటించాలి కదా, అందుకని వెళ్లని వాళ్లున్నారు. టెక్నీషియన్‌గా ఆడమనిషి కావాలని అడగొచ్చు, తెర వేయమనొచ్చు, తోడుగా ఒకరిని లోపల ఉంచుకోవచ్చు. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. డబ్బు లేదనుకుంటే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉండనే ఉంది.

ఎప్పుడు వెళ్లాలి? దడతోపాటు ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లేదా తప్పేట్టు కళ్లు తిరగడం ఉంటే ఆలోచన వద్దు, 108కి ఫోన్ చేయండి. ఆడుతూ పరిగెడుతూ కింద పడిపోతే "ఎండదెబ్బలే" అని సరిపెట్టుకోవద్దు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, మీకు ముందే గుండె జబ్బు ఉన్నా దడ కొద్దిగా వచ్చినా చూపించుకోవాలి. ఇవేవీ లేకపోయినా మాటిమాటికీ వస్తున్నా, రానురాను పెరుగుతున్నా, కారణం లేకుండా నిద్రలోంచి లేపుతున్నా ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. అన్నీ చూశాక "ఇది ఆందోళనే" అని తేలితే, దానికీ వైద్యముంది. అది తక్కువ రకం జబ్బేం కాదు.

వెళ్లినప్పుడు ఏం చెప్పాలన్నది మన శాఖ పని. ఒక్క "దడ" అనే మాట సరిపోదు. టకటకా ఒకే తీరున కొట్టుకుందా? తడబడుతూ అడ్డదిడ్డంగా కొట్టుకుందా? ఒక దెబ్బ తప్పి, తర్వాతది ధన్‌మని తగిలిందా? మెల్లగా పెరిగిందా, ఠక్కున మొదలైందా? మాట దొరక్కపోతే బల్ల మీద వేలితో ఆ లయ కొట్టి చూపించండి, డాక్టరుకి తమిళం తప్ప రాకపోయినా అర్థమవుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్లుంచి 30 సెకన్లు లెక్కపెట్టి, రెండుతో హెచ్చించండి. తేదీ, సమయం, ఎంతసేపు, అప్పుడేం చేస్తున్నారు, నెలసరి రోజులా కాదా, ఇవన్నీ నోట్సు చివరి పేజీలో రాసుకోండి.

హాస్టల్ పెద్దలకీ ఒక విన్నపం. ఏడాదికి ఒక్కరోజు ఎన్నెస్సెస్ తరఫున అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి. అంతవరకూ, అక్కలూ చెల్లెళ్లూ, పక్క మంచం పిల్ల దడగా ఉందంటే "ఏం లేదులే" అనకండి. దగ్గర కూర్చోండి, చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టండి.