చాబీ తిప్పే ముందు కాస్త సబ్ర్

ఏళ్లకేళ్లు షెడ్డులో పడున్న కారును బయటికి తీయగానే మనకు తోచేది ఒకటే: కొత్త బ్యాటరీ వేసి చాబీ తిప్పి చూద్దాం. నేనైతే వద్దంటాను జనాబ్. నిలబడి ఉన్న వక్త్ ఇంజన్‌కి ఎంత నుక్సాన్ చేస్తుందో, లేపే రోజు మన జల్దీ అంతకంటే ఎక్కువ చేస్తుంది.

ఈ తజుర్బా మా ఇంట్లోదే. మా అబ్బా 1989లో ప్రీమియర్ పద్మిని కొన్నారు. కుర్లాలో తయారైన బండి, 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. కాగితాల మీద పద్మినే గానీ మా మొహల్లాకి మాత్రం ఫియట్టు. 2016లో అబ్బా ఇంతెకాల్ తర్వాత దాన్ని షెడ్డులో పెట్టి తార్పాలిన్ కప్పాం. వచ్చినవాళ్లందరికీ ‘అబ్బా యాద్గార్’ అని చూపించాం. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ తార్పాలిన్ ఎత్తి బానెట్ తెరవలేదు.

చెల్లెలి కూతురి నిఖాకి జిద్దా నుంచి తమ్ముడు నెల సెలవు మీద వచ్చాడు. “భయ్యా, బిటియాని అబ్బా కారులోనే సాగనంపుదాం” అన్నాడు. నిఖాకి పది రోజులే ఉంది. అప్పటికే పక్కింటి కారు తెచ్చి జంపర్ వైర్లు విప్పుతున్నాడు. నేనూ సరేనన్నాను. ఇంతలో అబ్బా కాలం నుంచీ ఆ బండి చూస్తున్న ఉస్తాద్ వచ్చి చాబీ లాక్కుని జేబులో వేసుకున్నారు. “మియా, ఎనిమిదేళ్లుగా దీని గొంతులో చుక్క నూనె దిగలేదు. లేచీ లేవగానే పరిగెత్తమంటారా?”

ఆయన ఫిక్ర్ అబద్ధం కాదు. బండి నిలబడిపోతే ఆయిలంతా మెల్లగా అడుగుకి జారిపోతుంది. సిలిండర్ గోడలు ఎండిపోతాయి, పిస్టన్ రింగులు తుప్పుతో గోడకి అతుక్కుంటాయి. అప్పుడు స్టార్టర్ తిప్పితే ఇనుమూ ఇనుమూ ఒరుసుకోవడమే. రింగులు విరగొచ్చు, గోడలు గీరుకుపోవచ్చు. పాత పెట్రోల్ జిగురుగా మారి కార్బురేటర్ సన్న రంధ్రాలను మూసేస్తుంది.

ఉస్తాద్ ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పారు. లోపల ఎలుకల గూడు, అందులో మా సీటు దూదే! ట్యాంకులోంచి వార్నిష్ వాసన కొట్టే పెట్రోల్ తీసేసి, రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేడియేటర్‌లోని తుప్పునీళ్లు వదిలి కడిగారు. పాత ఇంజన్ ఆయిల్ తీసి కొత్తది పోశారు. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండేసి చెంచాల నూనె పోసి వెళ్లిపోయారు. రెండు రాత్రులు ఇంతెజార్.

మూడో రోజు ముందు పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో తిప్పితే కదల్లేదు. పానాకి పైపు తగిలించి బలంగా తిప్పుదామన్నాడు తమ్ముడు. ఉస్తాద్ తల కూడా ఎత్తకుండా మళ్లీ నూనె పోశారు. నాలుగో రోజు పొద్దున అది వెంట్రుకవాసి కదిలింది. ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తే చివరికి పూర్తిగా తిరిగింది. అప్పుడు కూడా ప్లగ్గులు పెట్టలేదు. కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌ని కొద్దికొద్దిగా, మధ్యమధ్యలో చల్లారనిచ్చి తిప్పారు. ఆయిల్ ఇంజన్ అంతటికీ చేరాకే ప్లగ్గులు, పెట్రోల్, చాబీ. ఆరో రోజు ఇంజన్ అందుకుంది. నూనె మండి షెడ్డంతా పొగ. అమ్మీ గుమ్మంలోనే ఖామోష్‌గా నిలబడిపోయింది.

అయినా బిటియా ఆ కారులో వెళ్లలేదు. బ్రేకులు పట్టేసి ఉన్నాయి. వాటి సామాను దొరికి, బిగించేసరికి నిఖా అయిపోయింది. తమ్ముడు రెండు రోజులు ఉస్తాద్‌తో మాట్లాడలేదు. ఉస్తాద్‌దే సహీ అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఇంజన్ స్టార్టయితే బండి తయారైనట్టు కాదు. ఆగడం కూడా రావాలి.

నాకు సిగ్గనిపించింది ఇంకో సంగతికి. ఆ కారుని పాడుచేసింది ఎలుకలూ తుప్పూ కావు, యాద్గార్ అని పేరు పెట్టి ముట్టుకోకుండా వదిలేసిన మేమే. కప్పి పెట్టడాన్ని హిఫాజత్ అనుకున్నాం. ఇప్పుడు రెండు వారాలకోసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడుపుతున్నాను. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లోపల తేమ చేరుతుంది, అది చాలదు. గల్ఫ్ వెళ్లే భాయ్‌లకి నా మాట ఇదే: బండిని ఇంట్లో నడిపేవాళ్లకి అప్పజెప్పండి. ఎవరూ లేకపోతే కొత్త ఆయిల్ పోసి, పెట్రోల్ తీసి, బ్యాటరీ విప్పి వెళ్లండి. తిరిగొచ్చాక చాబీ కంటే ముందు ఉస్తాద్‌ని వెతకండి.

ఫ్లైట్‌కి ముందు రోజు సాయంత్రం తమ్ముడు అమ్మీని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మొహల్లా అంతా ఒక చుట్టు తిప్పాడు. వెనక సీట్లో ఉస్తాద్ కూర్చున్నారు. చాబీ ఆయనే ఇచ్చారు.