రెండో బండి... పైపై మెరుగు చూసి కొనేయకండి!

ఇంట్లో నాన్న నడిపే స్ప్లెండర్ ఉంది. అయినా కలువాయి కుర్రాడి మనసంతా నెల్లూరులో అమ్మకానికున్న పాత యమహా ఆర్15 మీదే! 2008లో మన మార్కెట్లోకి వచ్చిన ఈ 150 సీసీ లిక్విడ్ కూల్డ్ బండి ముచ్చటైనదే, సందేహం లేదు. కానీ చుట్టూ ఉండే ఆ ప్లాస్టిక్ తొడుగు గీతల్నే కాదు, కిందపడ్డ బండి వంకర్లనీ దాచేస్తుంది. విప్పి చూడనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయడం మేలు.

స్టార్ట్ చేయించేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. (ముందే వేడిచేసి ఉంచారంటే అనుమానించాల్సిందే!) ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారడం చిన్న రోగం, సీళ్లు మారిస్తే పోతుంది. కూలెంట్లో నూనె తేలిందా... ఇంజిన్ విప్పక తప్పదు. చెయిన్, స్ప్రాకెట్లు, టైర్ల ఖర్చు ఎలాగూ ఉంటుంది, బేరానికి ముందే లెక్కేసుకోవాలి.

అసలు చిక్కు కాగితాలతోనే. మొదట్లో వచ్చిన బండ్లకు 15 ఏళ్లు దాటాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా? ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందా? చెన్నై బండి చవకని మురిసిపోతే ఎన్వోసీ, ఇక్కడి పన్ను గుర్తుచేస్తాయి.

అమ్మేవాళ్లకూ ఓ మాట. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చేసి ఊరుకోవద్దు. పేరు మారేదాకా ఆర్సీలో ఉన్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాడు ఎవర్నయినా గుద్దితే పరిహారం నోటీసు వచ్చేది పాత యజమాని ఇంటికే.