పిల్లలకు రక్షణ లేని కాలేజీకి గుర్తింపు ఎందుకు?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో ప్రాణాలు కోల్పోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న వచ్చిన తీర్పు ఆ ఒక్క కుటుంబంతో ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే 15 మార్గదర్శకాలను సుప్రీంకోర్టు ప్రకటించింది. తగిన చట్టం వచ్చేదాకా వాటిని పాటించి తీరాలంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా చీల్చకూడదు. నలుగురిలో అవమానించకూడదు. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

ఆ కేసు పుట్టింది తెలుగు నేల మీద. కాబట్టి ఆ తీర్పును అందరికంటే ముందు అమలు చేయాల్సింది తెలుగు రాష్ట్రాలే. మేం కోరేది ఒక్కటే: ఈ మార్గదర్శకాలను రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులూ అనుబంధ గుర్తింపుకు షరతుగా మార్చాలి. కంటినిండా నిద్ర, రోజూ ఆట, ఇంటివాళ్లతో మాట, చెప్పుకుంటే వినే ఒక పెద్ద దిక్కు. ఈ నాలుగూ ఇవ్వలేని కాలేజీకి, దానికి ఎన్ని ర్యాంకులు వచ్చినా సరే, గుర్తింపు పొడిగించకూడదు.

ఈ నాలుగూ ఎందుకో తెలియాలంటే ముందు టీనేజీ డిప్రెషన్ ఎలా ఉంటుందో తెలియాలి. డిప్రెషన్ అనగానే కన్నీళ్లు పెట్టుకుని మూల కూర్చున్న మనిషిని ఊహించుకుంటాం. టీనేజీలో అది అలా కనిపించకపోవచ్చు. అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం, అన్నం సహించకపోవడం, నిన్నటిదాకా ప్రాణం పెట్టి ఆడిన క్రికెట్ వైపు కన్నెత్తి చూడకపోవడం, పరీక్షల్లో ఏమీ తేలని తలనొప్పి, కడుపునొప్పి, తెల్లారినా లేవలేనంత నీరసం. ఇవి రెండు వారాలు దాటి వదలకపోతే జాగ్రత్త పడాల్సిందే. జరిగేది వేరు. నాన్న ‘పొగరు’ అంటాడు. లెక్చరర్ ‘బద్ధకం’ అంటాడు. ఊళ్లో ఆర్ఎంపీ బీకాంప్లెక్స్ మాత్రలు ఇస్తాడు. అమ్మమ్మ దిష్టి తీస్తుంది. ఎవరికి తోచింది వాళ్లు మంచి మనసుతోనే చేస్తారు. ఏమైందని ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

ఇది ఎక్కడో నూటికో కోటికో ఒకరికి వచ్చే జబ్బు కాదు. పది నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఇలాంటి సమస్యలున్నట్టు తేల్చింది. అంటే నలభై మంది ఉన్న తరగతి గదిలో సుమారు ముగ్గురు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని 81 శాతం మంది చెప్పారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారందరికీ డిప్రెషన్ ఉందని అనలేం. అయితే బతుకు మీద ఆశ సన్నగిల్లుతున్నప్పుడు వారిలో చాలామందికి చేయందించే మనిషి దొరకలేదని మాత్రం అనక తప్పదు.

టీనేజీ డిప్రెషన్‌కు ఏదో ఒక్కటే కారణమని చెప్పలేం. కుటుంబంలో ఎవరికైనా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. యుక్తవయసు వచ్చాక అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఇది దాదాపు రెట్టింపు. ఇంట్లో కొట్లాటలు, తండ్రి తాగుడు, తల్లినో తండ్రినో పోగొట్టుకోవడం, లైంగిక వేధింపులు, వదలని జబ్బు, తోటివాళ్ల ఎగతాళి, కులం పేరుతో ఎత్తిపొడుపులు... వీటిలో ఒక్కటి ఉంటే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. ఒకదాని మీద ఒకటి పడితే పెద్దవాళ్లకే కాళ్లు తడబడతాయి. నాన్న ఉన్న రెండెకరాలు అమ్మి ఫీజు కట్టాడని తెలిసిన పిల్లాడికి వారాంతపు టెస్ట్‌లో తగ్గిన ప్రతి మార్కూ ఇంటి అప్పులాగే కనిపిస్తుంది.

ఈ కారణాల్లో కొన్నింటిని కాలేజీ మార్చలేదు. వంశంలో ఉన్నదాన్ని, ఊళ్లో ఉన్న అప్పును ప్రిన్సిపాల్ తీసేయలేడు. కాపు కాసే అంశాలు మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి. 1997లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం పన్నెండు వేల మందికి పైగా టీనేజీ పిల్లలను పరిశీలించింది. ఇంటివాళ్లతో దగ్గరితనం, బడిలో తమను పట్టించుకునేవాళ్లు ఉన్నారన్న నమ్మకం ఉన్న పిల్లల్లో మానసిక వేదన, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలూ ఇదే దారిలో ఉన్నాయి. సరిపడా నిద్ర, ఒళ్లు అలసేలా ఆట, మనసు విప్పగల ఒకరిద్దరు స్నేహితులు, పిల్లాడి మీద నమ్మకం ఉన్న ఒక్క పెద్దమనిషి. వీటికి కోట్ల పెట్టుబడి అక్కర్లేదు.

ఇప్పుడు మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున ఐదింటికల్లా గంట మోగుతుంది. స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాటాకే పడక. 13-18 ఏళ్ల వారికి రోజూ ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, తెల్లవారుజామున లేపడమంటే ఉన్న నిద్రను కోసేయడమే. ఇక మైదానమే లేని అపార్ట్‌మెంట్ భవనాల్లో నడిచే కాలేజీల్లో ఆట మాటే ఉండదు. వారం వారం టెస్ట్ పెట్టి మార్కులను బట్టి సెక్షన్ మారిస్తే స్నేహం నిలవదు. నిన్న పక్క బెంచీలో కూర్చున్నవాడు ఇవాళ పై బ్యాచ్‌లో ఉంటాడు, వెనకబడ్డవాడు అందరి కళ్లముందూ పుస్తకాల సంచీ సర్దుకుని కింది బ్యాచ్‌కి నడవాలి.

ఔటింగ్ ఆదివారం హాస్టల్ గేటు దగ్గర నిలబడితే మరో సంగతి అర్థమవుతుంది. అమ్మ తెల్లారగట్ల లేచి వండిన పులిహోర, కోడికూర క్యారియర్‌లో సర్దుకుని ఊరి నుంచి బస్సెక్కి వస్తుంది. చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. బిడ్డ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపే నాన్న అడుగుతాడు, ‘ఈ వారం ఎంతొచ్చినయ్ రా?’ అని. ఆయనది కఠినత్వం కాదు, భయం. కానీ నెలంతా ఎదురుచూసిన ఆ రెండు గంటలూ మార్కుల లెక్కలోనే కరిగిపోతే, ‘నాన్నా, నాకు నిద్ర పట్టట్లేదు’ అన్న మాట పిల్లాడి గొంతులోనే ఉండిపోతుంది.

నేరమంతా సెల్‌ఫోన్ మీద నెట్టేయడం ఇప్పుడు తేలికైపోయింది. అర్ధరాత్రి దాకా ఫోన్ చూడటం, సోషల్ మీడియాలో వేధింపులు పిల్లలకు చేటు చేస్తాయనడంలో సందేహం లేదు. కానీ ఈ హాస్టళ్లలో ఫోన్లకు ఎప్పటి నుంచో నిషేధం ఉంది. అయినా పిల్లలు కుంగిపోతూనే ఉన్నారు. ఫోన్ లాక్కున్నంత మాత్రాన బాధ్యత తీరిపోయిందనుకునే యాజమాన్యాలు, తల్లిదండ్రులు ఈ వాస్తవం దగ్గర ఆగి ఆలోచించాలి.

‘మా కాలంలో కష్టాలు లేవా? మేం చదువుకోలేదా?’ అని అడిగేవారున్నారు. కష్టాలు అప్పుడూ ఉన్నాయి. అయితే కష్టపడి వచ్చిన పిల్లాడికి సాయంత్రం వీధిలో ఆట ఉండేది, ఇంట్లో నాయనమ్మ ఉండేది, ఫెయిలైనా తలదాచుకునే నీడ ఉండేది. కష్టపెట్టకుండా ర్యాంకులు ఎలా వస్తాయన్నది యాజమాన్యాల వాదన. శ్రమ వేరు, హింస వేరు. నిద్ర లేని బుర్రకు చదివింది నిలవదు. పిల్లలను అలసగొట్టి తెచ్చే ర్యాంకు ఒక్కరిదైతే, ఆ ధర చెల్లించేది సెక్షన్ మొత్తం.

కౌన్సెలర్లను ఎక్కడి నుంచి తేవాలి, జీతాలు ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు బిహార్ జవాబు చెప్పింది. నలందా జిల్లాలోని 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సంగాథ్ సంస్థ ‘సెహర్’ పేరుతో ఒక ప్రయోగం చేసింది. కొన్ని బడుల్లో స్థానికులకే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా నియమించారు. కొన్నింట్లో ఉన్న ఉపాధ్యాయులకే ఆ పని అప్పజెప్పారు. మనసులోని మాట రాసి వేసే పెట్టె, గోడపత్రిక, అసెంబ్లీలో చర్చలు, అవసరమైన వారితో విడిగా మాటామంతీ, అంతే. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ప్రత్యేక కౌన్సెలర్ ఉన్న బడుల్లో పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు, ఏడిపింపులు, హింస బాగా తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పాఠం స్పష్టం: ఫిజిక్స్ లెక్చరర్‌కే ‘కౌన్సెలింగ్ ఇన్‌ఛార్జ్’ అని బోర్డు తగిలిస్తే సరిపోదు. మార్కులతో సంబంధం లేని, పిల్లలు భయపడని మనిషి కావాలి. బిహార్ ప్రభుత్వ బడుల్లో సాధ్యమైనది, లక్షల్లో ఫీజులు తీసుకునే మన కాలేజీలకు భారమంటే నమ్మేదెవరు?

మన దగ్గర లోటు సిఫార్సులది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ ఈ కాలేజీల తీరును పరిశీలించింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ మళ్లీ అదే పని చేసింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు మరో కమిటీ వేశారు. కోచింగ్ సెంటర్లలో పదహారేళ్ల లోపు వారిని చేర్చుకోరాదని, రోజుకు ఐదు గంటలకు మించి పాఠాలు చెప్పరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో చెప్పింది. నివేదికలన్నీ బీరువాల్లో ఉన్నాయి, ఐదింటి గంట మాత్రం ఆగలేదు. కారణం ఒక్కటే. వీటిని ఉల్లంఘించిన సంస్థ పోగొట్టుకునేది ఏమీ లేదు.

అందుకే గుర్తింపు షరతు. బోర్డు తనిఖీ బృందాలు గదుల కొలతలు, అగ్నిమాపక పత్రాలతో పాటు హాస్టల్ టైంటేబుల్ చూడాలి. రాత్రి నిద్రకు కనీసం ఎనిమిది గంటలు ఉందా, ఆటకు రోజూ ఒక గంట ఉందా, పిల్లలు వారానికోసారైనా వార్డెన్ పక్కన లేకుండా ఇంటికి ఫోన్ చేయగలుగుతున్నారా అని పిల్లలనే విడిగా అడగాలి. కౌన్సెలర్ నియామక పత్రం చూడాలి. కలెక్టర్ల ఆధ్వర్యంలో సుప్రీంకోర్టు ఏర్పాటు చేయమన్న జిల్లా కమిటీలు ఫిర్యాదులు తీసుకుని చర్యలను బయటపెట్టాలి. మొదటి ఉల్లంఘనకు జరిమానా, రెండోసారికి కొత్త ప్రవేశాల నిలిపివేత, మూడోసారికి గుర్తింపు రద్దు. ఈ నియమం ప్రైవేటుకే పరిమితం కారాదు. పేదింటి పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఎక్కువగా ఉండే గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల్లో కౌన్సెలర్ పోస్టులు మంజూరు చేసి ప్రభుత్వం తానే ముందు ఆచరించాలి.

తల్లిదండ్రులూ ఒక పని చేయగలరు. కాలేజీలో చేర్చే ముందు ర్యాంకుల ఫ్లెక్సీ కాకుండా టైంటేబుల్ అడగండి, కౌన్సెలర్ ఎవరో చూపించమనండి. బిడ్డ తీరు మారిందనిపిస్తే తిట్టకండి, పక్కన కూర్చుని వినండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అడిగితే వాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. డిప్రెషన్ నయమయ్యే జబ్బు. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులు పనిచేస్తాయి. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా, ప్రతి హాల్‌టికెట్ మీదా ఉండాలి.

వచ్చే విద్యా సంవత్సరపు అనుబంధ గుర్తింపు ఉత్తర్వుల్లో ఈ షరతులు ఉన్నాయా లేదా అన్నదే రెండు ప్రభుత్వాల చిత్తశుద్ధికి పరీక్ష. సుప్రీంకోర్టు ఏం చేయాలో చెప్పింది, శాస్త్రం ఎందుకో చెప్పింది. ఇక మిగిలింది సంతకం. దాన్ని ఇంకో కమిటీ పేరుతో వాయిదా వేయకండి.