చెప్పు కరిస్తే ఓర్చుకోవాలా?

"కొత్త చెప్పు కరవకుండా ఉంటుందా? నాలుగు రోజులు తొడిగితే అదే సర్దుకుంటుంది." ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరైనా ఉందా? మా అమ్మ నాతో అంది. నేను మా అమ్మాయితో అన్నాను. చెప్పు సర్దుకోవడం లేదనీ, సర్దుకునేది మన కాలేననీ ఇన్నేళ్ళూ నాకు తోచనే లేదు. తోచింది ఈమధ్యనే. అదీ మా వారి బూట్ల పుణ్యమా అని.

మేం ఇరవై రెండేళ్ళుగా స్కాట్లండులో, ఎడిన్‌బరోలో ఉంటున్నాం. 2024 జూన్‌లో మా అమ్మాయి పెళ్ళయింది. అల్లుడు ఇక్కడి అబ్బాయి. పొద్దున మన పద్ధతిలో పెళ్ళి, సాయంత్రం వాళ్ళ పద్ధతిలో విందూ, డాన్సూ. సాయంత్రం మగవాళ్ళందరం కిల్టులు కడతాం, మీరూ కడితే బావుంటుందని వియ్యంకుడుగారు మా వారిని అడిగారు. ఈయన ఎగిరి గంతేసినంత పని చేశారు.

కిల్టంటే మగవాళ్ళ గళ్ళ లంగా అని మనవాళ్ళు నవ్వుతారు గానీ, అది కుట్టించుకోవడం చిన్న సంగతేం కాదు. పూర్తి కిల్టుకి 8 గజాల ఉన్నిబట్ట పడుతుంది. మన అమ్మమ్మల తొమ్మిది గజాల చీరకి ఒక్క గజమే తక్కువన్న మాట. మనకి కుచ్చిళ్ళు ముందుంటే దానికి వెనక ఉంటాయి. కూర్చునే ముందు వెనక చెయ్యి పెట్టి వాటిని సర్దుకోవాలి. ఈ విద్య మా వారికి నేర్పింది నేనే. అయితే చీర అంచు చెప్పుని దాచేస్తుంది, ప్యాంటయినా సగం దాస్తుంది. కిల్టు మోకాలి దగ్గరే ఆగిపోతుంది. దానికింద మందపాటి ఉన్ని మేజోడు, ఆ కింద బూటు. దాచుకోవడానికి చోటే లేదు. చూసేవాళ్ళ కళ్ళు తిన్నగా కాళ్ళ మీదికే పోతాయి.

కిల్టులు అద్దెకిచ్చే షాపులో దానితోపాటు గిల్లీ బ్రోగులని ఇస్తారు. ఇక్కడి గాలిక్ భాషలో బ్రోగంటే బూటు, గిల్లీ అంటే కుర్రాడు, పనివాడు. నాలుక ఉండదు, పొడుగాటి తాళ్ళు చీలమండ చుట్టూ తిప్పి కడతారు. అవి చాలు కదా అన్నాను. చాలవట! మా వారికి చరిత్ర పిచ్చి. ఆ పిచ్చి పుణ్యాన నాకూ కొన్ని సంగతులు తెలిశాయి లెండి. 1543లో జాన్ ఎల్డర్ అనే మతగురువు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ఒక ఉత్తరం రాశాడు. కొండప్రాంతం వాళ్ళు దుప్పిని వేటాడి, దాని పచ్చితోలుని కాలికి తగ్గట్టు కోసి కుట్టుకుంటారని అందులో చెప్పాడు. లోపలికొచ్చిన నీళ్ళు బయటికి పోవడానికి దానికి చిల్లులు కూడా పొడుచుకునేవారట. కాలువలూ బురదా దాటుతూ బతికేవాళ్ళ తెలివి అది. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడాక ఆ మగవాళ్ళు కిల్టు కట్టకూడదని చట్టం చేశారు. 1782 దాకా అది ఎత్తెయ్యలేదు. మా వారికి ఆ నిషేధానికి ముందరి రోజుల్లోవిలాంటి బూట్లు కావాలి. నల్లతోలు, తక్కువ ఎత్తు మడమ, పైన ఇత్తడి బకిల్. అలాంటివి చేత్తో కుట్టే ఆయన్ని పట్టుకుని, పాదం గీత తీసి పంపారు.

రెండు నెలలకి బూట్లొచ్చాయి. పెట్టె తెరవగానే తోలు వాసన గుప్పుమంది. ఓక్ చెట్టు బెరడుతో పదును చేసిన తోలట. నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా తాతగారికి కిర్రు చెప్పులు కుట్టిచ్చే ఆయన తంగేడు చెక్క వేసి లందలో తోలు నానబెట్టేవాడు. ఆయన కుట్టిన చెప్పు తాతగారి కాలి కింద వాకిట్లోకి వచ్చేది, ఆయన మాత్రం వీధిలోనే నిలబడేవాడు. ఇక్కడ అదే పనిచేసే మనిషిని కళాకారుడంటున్నాం, నెలల తరబడి వరసలో నిలబడి అడిగినంతా ఇస్తున్నాం. ఆ తేడా గురించి మా ఇంట్లో ఆ రాత్రి కాస్త వాదనే జరిగింది. అది ఇంకోసారి రాస్తాను.

"ఏమేవ్, ఇందులో ఎడమది ఏది?" అని కేకేశారు మా వారు. నేనూ చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి! తీరా కనుక్కుంటే పాతకాలపు పద్ధతే అది. బూట్లకి ఎత్తు మడమలొచ్చాక, దాదాపు 1600 నుంచి 1800 దాకా, ఎడమకీ కుడికీ వేరే చెక్క అచ్చులు మానేసి ఒకే తిన్నటి అచ్చు మీద కుట్టేవారట. తొడగ్గా తొడగ్గా ఏ కాలిది ఆ కాలి రూపానికి వస్తుందన్న మాట. అంటే మళ్ళీ పాత పాటే. కాలే సర్దుకోవాలి!

ఇక్కడ మాకో చిక్కుంది. మా వారికి పదిహేనేళ్ళుగా సుగర్. ఏటా పాదాల పరీక్షకి పిలుస్తారు. నైలాన్ దారంలాంటి సన్నటి పుల్లని అరికాలికి ఆనిస్తారు, 10 గ్రాముల ఒత్తిడికి వంగే పుల్ల అది. తగిలితే తగిలిందని చెప్పాలి. పోయిన రెండేళ్ళుగా ఈయనకి రెండు మూడు చోట్ల తెలియడం లేదు. అలాంటి మనిషికి బూటు కరిచినా నొప్పి తెలియదు. బొబ్బ పుండై, పుండు ముదిరాక గానీ బయటపడదు. అందుకని ఆయన "ఏం లేదు, హాయిగా ఉంది" అంటే నేను నమ్మదలుచుకోలేదు. బూట్ల పరీక్ష నా చేతిలోకి తీసుకున్నాను.

మొదటి పరీక్ష సాయంత్రం పెట్టాను, పొద్దున కాదు. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కదా. డాన్సూ ఆ వేళకే. కిల్టుకి వేసుకునే ఆ మందపాటి మేజోళ్ళే వేయించాను, మామూలువి కాదు. తివాచీ మీద పావుగంట నడిపించి, విప్పించి, కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. అరగంట చూశాను, తగ్గలేదు. ఆయనకి ఏమీ తెలియలేదు.

"తోలు కదా, సాగుతుందిలే" అన్నారు. సాగుతుంది, నిజమే. వెడల్పుకి కొంత సాగుతుంది. పొడుగుకి సాగదు. వేలు ముందుకి తగిలితే ఏళ్ళు తొడిగినా తగులుతూనే ఉంటుంది. కుట్టినాయనకి ఉత్తరం రాశాం. మొదట ఆయనా అదే మాటన్నాడు, పాత పద్ధతి బూటు కాస్త పట్టుకునే ఉంటుందని. నేను ఊరుకోలేదు. మా వారి ఆరోగ్యం సంగతి రాసి, మచ్చ ఎక్కడుందో కాలి గీత మీద గుర్తుపెట్టి పంపాను. అప్పుడాయన ఒక్క ప్రశ్న వేశాడు: "పాదం గీత ఎప్పుడు తీశారు?" పొద్దున్నే, కుర్చీలో కూర్చోబెట్టి! నిలబడితే బరువుకి పాదం పరుచుకుంటుంది. ఆ తప్పు మాదే. పాపం ఆయన బూట్లు వెనక్కి తీసుకుని, అచ్చుకి చిటికెన వేలి చోట తోలు ముక్క అతికించి, దానిమీద మళ్ళీ సాగదీసి, లోపల మెత్తటి అట్ట వేసి పంపాడు. డబ్బులేం అడగలేదు.

రెండో పరీక్ష వీధిలో. ఎడిన్‌బరో పాత ఊళ్ళో రాయల్ మైల్ రాళ్ళు పరిచిన వీధి, అదీ కోట దగ్గర్నుంచి కిందికి వాలు. వాన పడితే పాచిపట్టిన చెరువు మెట్లే. కొత్త తోలు అడుగు దానిమీద పెడితే నా చెయ్యి పట్టుకోకపోతే పడేవారే. పల్చటి రబ్బరు అతికిద్దామన్నాను. చరిత్ర పాడవుతుందన్నారు! చరిత్ర తొడుక్కుని పడ్డవాడి కాలికి ఎక్స్‌రే ఇప్పటి కాలందే తీస్తారని చెప్పాను. అతికించారు. బూటు కిందికి వంగి చూసిన వాళ్ళెవరూ లేరు.

మూడో పరీక్ష వంటింట్లో. కేలీ అని ఇక్కడ అందరూ కలిసి చేసే నాట్యం ఉంటుంది. అందులో "స్ట్రిప్ ద విల్లో" అనే ఆటలో వరసలో ఉన్న ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని గిర్రున తిరగాలి. నేను పట్టుచీర కట్టుకుని మరీ అభ్యాసానికి దిగాను. నాలుగో చుట్టులో చర్రుమంది. ఇత్తడి బకిల్ మూల నా కుచ్చిళ్ళ అంచుకి పట్టుకుంది. బూటు తొడుక్కున్నవాడికే కాదు, పక్కన తిరిగేవాళ్ళకీ పరీక్ష పెట్టాలని అప్పుడు తెలిసింది. బకిల్ మూలలు ఆకురాయి పెట్టి గుండ్రంగా అరగదీయించాం. నా కుచ్చిళ్ళు రెండు పిన్నులు పెట్టి పైకి కట్టాను.

ఇలా మూడు వారాలు పట్టింది. రోజుకి పావుగంట, తరవాత అరగంట, తరవాత గంట. ప్రతిసారీ పాదాలు చూడటం. ఎడమ కాలిది ఎడమకే పడేలా లోపల సుద్దతో గుర్తు. పాదాల నర్సుగారు ఆ ఒక్క సాయంత్రానికి సరేనంది, మధ్యలో ఒకసారి విప్పి చూడమంది. పొద్దున పీటల మీద చెప్పులు ఎలాగూ విప్పాలి కనక ఆ పూటకి బూట్లకి సెలవు. సాయంత్రం ఎనిమిది గంటలకి ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి చూశాను. మచ్చ లేదు. పదకొండింటి దాకా గంతులేశారు. ఫొటోల్లో సగం బూట్లవే.

ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. ముందుగదిలో మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుతోంది. మూడంగుళాల మడమ, ముందు కొసగా ఉంటుంది. పెళ్ళికి రెండు రోజుల ముందు పార్సిల్‌లో వచ్చాయి. లోపల అదే రోజు పొద్దున పెట్టిన మెట్టెలు. చలిదేశంలో మూసిన చెప్పుల్లో మెట్టెలు ఎలా ఉంటాయో ఇక్కడి మన ఆడవాళ్ళందరికీ తెలుసు. రెండు వేళ్ళ మధ్య చర్మం లేచిపోయింది. మడమల దగ్గర రక్తం. సాయంత్రం ఏడింటికే నొప్పి మొదలైందట. ఎవరితో చెప్పలేదు. నాతో చెప్పాను అంది. అవును, చెప్పింది. విందులో నా పక్కకొచ్చి, "అమ్మా, చెప్పు కరుస్తోంది" అంది. నేను వాళ్ళ నాన్న బూట్లకేసే చూస్తూ, "కొత్తవి కదమ్మా, కాసేపు ఓర్చుకో" అన్నాను.

ఒక మగమనిషి బూటుకి మూడు వారాలు, మూడు పరీక్షలు. పెళ్ళికూతురి చెప్పుకి ఒక్క పూట కూడా లేదు. ఆయనకి జబ్బు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ జబ్బు లేకపోయినా ఆయన బూటు కరిస్తే వెనక్కి పంపేవాళ్ళమే. నొప్పి తెలియని కాలికి కాపలా కాశాను, నొప్పి తెలిసిన పిల్ల వచ్చి చెబితే వినిపించుకోలేదు. పైగా మనం ఆడవాళ్ళ చెప్పుల్ని అద్దంలో చూసి కొంటాం, నడిచి చూసి కొనం. షాపువాడు నాలుగడుగులు వెయ్యమంటే మొహమాటపడతాం.

గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి దాని కాళ్ళు కడిగాను. మెట్టెలు తీసి దూది పెట్టాను. పక్కనే వాళ్ళ నాన్న బూట్లు, వానకి తడిసి, లోపల పాతపేపర్లు కుక్కుకుని, వేడికి దూరంగా హాయిగా ఆరుతున్నాయి. ఆ ఏర్పాటూ నాదే.

"అమ్మా, ఆయన ఆడవాళ్ళకి కూడా కుడతాడా?" అంది వాటికేసి చూస్తూ.

కుడతాడట. మర్నాడే కనుక్కున్నాను. మచ్చలు మానాక కాగితం పరిచి పాదం గీత తీశాను. సాయంత్రం, నిలబెట్టి, మెట్టెలు పెట్టుకోమని మరీ తీశాను.