డబ్బా మీద దేశం పేరుంది, కూలి మాట లేదు

ఇప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో సెల్‌ఫోను మీద వేలు పెడితే చాలు, ఇటలీ టమాటా డబ్బా, స్పెయిన్ ఆలివ్ నూనె, న్యూజిలాండ్ కివీ పండు ఇంటి గుమ్మానికి వస్తున్నాయి. అట్లాగే అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు గుంటూరు మిరప్పొడి, ఆవకాయ, సోనా మసూరి బియ్యం ఫోను మీదే తెప్పించుకుంటున్నారు. "డబ్బున్నవాళ్ళ నోటి రుచులతో మన కూలీనాలీ జనానికి ఏం పని?" అని మన కార్యకర్తల్లోనే కొందరు అడుగుతున్నారు. పని ఉంది. ఆ డబ్బాలోని కాయను కోసింది మనలాంటి కూలిమనిషే గనుక పని ఉంది.

ఇటలీ టమాటా సంగతే తీసుకుందాం. ఆ దేశానికి దక్షిణాన పూల్యా అనే ప్రాంతం, అందులో ఫోజా జిల్లా టమాటాకు పెట్టింది పేరు. అక్కడ యంత్రాలు వచ్చినా చేత్తో కోసే పని ఇంకా పోలేదు. ఆ పనికి ఆఫ్రికా నుంచి, తూర్పు యూరప్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలస కూలీలే దిక్కు. 300 కిలోల పెట్టె నింపితే 3, 4 యూరోలు చేతిలో పెట్టడం అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న రివాజు. కూలీలను చేనికి తోలుకుపోయేవాణ్ణి వాళ్ళు 'కపొరాలె' అంటారు. మనం మేస్త్రీ అంటాం. బండి కిరాయి అని, మంచినీళ్ళని, తిండి అని వాడు కూలిలోంచి కోసుకుంటాడు. రాత్రికి పడుకునేది రేకుల కొట్టాల్లో. పేరు మారింది గానీ లెక్క ఒక్కటే కదా!

ఈ కూలి ఇంత తక్కువ ఎందుకుంది? మేస్త్రీ ఒక్కడి దుర్మార్గమే అనుకుంటే పొరపాటు. అక్కడి పెద్ద పెద్ద దుకాణాల కంపెనీలు టమాటా డబ్బాలు కొనడానికి కంప్యూటరు మీద వేలం పెట్టేవి. ఎవరు తక్కువకిస్తారో చెప్పమనేవి. అందులో వచ్చిన అన్నిటికంటే తక్కువ ధరను మొదటి పాటగా పెట్టి, ఇంకా దిగమని రెండోసారి వేలం వేసేవి. ఫ్యాక్టరీవాడు రైతును నొక్కాడు, రైతు కూలిని నొక్కాడు. కూలి ఇంకెవర్ని నొక్కుతాడు? ఈ రెండు పాటల వేలాన్ని 2021లో ఇటలీ ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది.

ఆ కూలీలు నోరు మూసుకుని పడి లేరు. 2011 వేసవిలో నార్దో అనే ఊళ్ళో కోతలకు వచ్చిన ఆఫ్రికా కూలీలు సమ్మె కట్టారు. కామెరూన్ నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చి చేలో కూలికి దిగిన ఇవాన్ సాన్యే ఆ సమ్మెకు ముందు నిలిచాడు. ఆ ఏడే మేస్త్రీ దోపిడీ నేరమని చట్టం వచ్చింది. 2016 చట్టంతో మేస్త్రీతో పాటు యజమానికీ జైలుశిక్ష పడే వీలు కలిగింది. అయినా చట్టం కాగితం మీదే ఉంటే ఏమవుతుంది? 2018 ఆగస్టులో మూడు రోజుల్లో జరిగిన రెండు రోడ్డు ప్రమాదాల్లో, కోత నుంచి వ్యాన్లలో తిరిగి వస్తున్న 16 మంది కూలీలు ఫోజా దగ్గర చచ్చిపోయారు. ఎండకు పెట్టుకునే ఎర్ర టోపీలనే జెండాగా చేసుకుని కూలీలు ఊరేగింపు తీశారు. 2024 జూన్‌లో లతీనా జిల్లాలో పంజాబు నుంచి వెళ్ళిన 31 ఏళ్ళ కూలీకి యంత్రంలో పడి చెయ్యి తెగింది. ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంటి ముందు పడేసి పోయారు. రెండు రోజులకు చనిపోయాడు.

ఇక మన సంగతి చూద్దాం. పడమటి కర్నూలులో కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెలు ఏటా సుగ్గికి పోతున్నాయి. ఇంటికి తాళం, ముసలివాళ్ళ చేతికి గంజి గిన్నె, పిల్లల బడికి స్వస్తి. లారీల్లో కుక్కుకుని గుంటూరు మిరప కోతకు పోతారు. తూకంలో కోత, మేస్త్రీకి కమీషను, చేను గట్టున గుడారం. రాత్రంతా చేతులు భగభగ మంటాయి. ఆ కాయే పొడి అయి, రంగు సంచిలో సముద్రం దాటి, అక్కడ విదేశీ రుచి అనిపించుకుంటుంది. 1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవాళ్ళకే గనుక, కర్నూలు నుంచి గుంటూరు పోయినవాళ్ళకు అదెన్నడూ అక్కరకు రాలేదు. 2025 నవంబరులో దాన్ని కూడా కొత్త కోడ్‌లో కలిపేశారు.

"విదేశీ సరుకు కొనొద్దని పిలుపిస్తే సరి" అని కొందరంటున్నారు. సుంకాలు ఎత్తేసి మన రైతు నోట మట్టి కొడితే తప్పక ఎదిరించాలి. 2023లో అమెరికా ఆపిల్ మీద 20 శాతం అదనపు సుంకం తీసేస్తే హిమాచల్, కాశ్మీర్ రైతులు గొంతెత్తారు, అది న్యాయం. కానీ ఇటలీ డబ్బా కొనడం మానినంత మాత్రాన గుంటూరు మేస్త్రీ కమీషను మానడు. రేపు అమెరికావాడు కూడా మన మిరప్పొడి కొనొద్దంటే ముందు పని పోయేది కోసిగి ఆడకూలీకే.

కనుక మా మాట ఇది. 2020 నాటి నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సరుకుకు ఏ దేశానిదో, ఎవరు దిగుమతి చేశారో చెప్పి తీరాలి. ఎవరు కోశారో, ఏ లెక్కన కూలి ఇచ్చారో కూడా చెప్పమనాలి. ఇది కుదరని పనేం కాదు. సాన్యే పెట్టిన 'నో క్యాప్' సంఘం, మేస్త్రీ లేకుండా చట్టప్రకారం కూలి ఇచ్చిన సరుకుకు ముద్ర వేస్తోంది. మిరప ఎగుమతిదారులను మనమూ అదే అడగాలి. కోత రేటు కాగితం మీద ఉండాలి. మేస్త్రీ కమీషను యజమాని భరించాలి. రానూపోనూ బస్సు, చేను దగ్గర నీళ్ళు, నీడ, పిల్లలకు బడి కావాలి. అమెరికాలో చుట్టాలున్నవాళ్ళు ఈ మాట వాళ్ళ చెవిన వేయాలి. అక్కడ కొనేవాళ్ళు అడిగితే ఇక్కడి ఎగుమతిదారు ఉలిక్కిపడతాడు.

అయితే కొనేవాళ్ళ దయ మీద ఆధారపడితే ముద్రే మిగులుతుంది, కూలి పెరగదు. నార్దోలో చట్టం తెచ్చింది సమ్మె. అందుకే ఈ సుగ్గికి లారీ ఎక్కకముందే, పల్లె పల్లెనా మీటింగు పెట్టి కోత రేటు మనమే తేల్చుకుందాం.