తిరుమల ఘాట్ రోడ్డు బస్సులు - ఇంధన వ్యయం, ఏక సరఫరాదారు ఒప్పందం

తిరుపతి నుండి తిరుమలకు ఘాట్ రోడ్లపై నడిచే బస్సులను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఏపీఎస్ఆర్టీసీ) నిర్వహిస్తున్నది. 2022 ఏప్రిల్‌లో డీజిల్ ధరల పెరుగుదల కారణంగా సంస్థ టిక్కెట్లపై డీజిల్ సెస్సు విధించినది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఈ మార్గంలో విద్యుత్ బస్సులు ప్రవేశించినవి. వీటిని సంస్థ కొనుగోలు చేయలేదు. ఒకే కంపెనీ నుండి 12 సంవత్సరాల ఒప్పందంపై తీసుకొన్నది. ఇంధన ధరల భారం నుండి బయటపడే ప్రయత్నం సంస్థను ఒకే సరఫరాదారుపై ఎంతవరకు ఆధారపడేటట్లు చేసినదన్నది ఈ వ్యాసంలోని ముఖ్యాంశం.

నేపథ్యం

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. 1970వ దశకంలో రెండవ ఘాట్ రోడ్డు ఏర్పడినది. తొలుత తిరుమల తిరుపతి దేవస్థానములు స్వయంగా బస్సులు నడిపేవి. తరువాత ఆ బాధ్యత ఆర్టీసీకి మారినది.

2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమైనారు. జీతాల చెల్లింపు ప్రభుత్వానికి మారిన తరువాత, సంస్థ నేరుగా భరించే పెద్ద ఖర్చులలో ఇంధనం ప్రధానమైనది. ఆ ఇంధనపు ధర సంస్థ చేతిలో లేదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడే నాటికి ఈ సమస్య తీవ్రంగా ఉన్నది.

టోకు డీజిల్, చిల్లర డీజిల్

ఆర్టీసీ వంటి సంస్థలు చమురు కంపెనీలతో ఒప్పందం చేసుకొని, డిపోలోని సొంత పంపుకే డీజిల్ తెప్పించుకొంటాయి. వీటిని టోకు వినియోగదారులంటారు. సాధారణంగా టోకున కొంటే ధర తగ్గాలి. కాని డీజిల్ విషయంలో రెండు సందర్భాలలో ఇది తలక్రిందులైనది.

మొదటిది 2013 జనవరి. చిల్లర డీజిల్‌కు రాయితీ కొనసాగిస్తూ, టోకు వినియోగదారులు మార్కెట్ ధర చెల్లించాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. దీనితో టోకు ధర లీటరుకు దాదాపు 10 రూపాయలు పెరిగినది. పొరుగున ఉన్న తమిళనాడులో ప్రభుత్వ బస్సులు డిపో పంపును వదలి రోడ్డు పక్క బంకులకు వెళ్ళినవి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ పూర్తిగా తొలగడంతో ఈ తేడా పోయినది.

రెండవది 2022. అంతర్జాతీయంగా ముడి చమురు ధర పెరిగినప్పటికీ, 2021 నవంబరు మొదటి వారం నుండి 2022 మార్చి 22 వరకు చిల్లర ధర కదలలేదు. టోకు ధర మాత్రం పెరుగుతూ వచ్చి, మార్చిలో ఒక్కసారిగా లీటరుకు 25 రూపాయల మేర పెరిగినది. ఏపీఎస్ఆర్టీసీ కూడా చిల్లర బంకులలో డీజిల్ కొనవలసి వచ్చినది. అయినను భారం తీరలేదు. 2022 ఏప్రిల్ 14 నుండి పల్లెవెలుగు బస్సులలో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లలో 5 రూపాయలు, ఏసీ బస్సుల వంటి ఉన్నత శ్రేణి సర్వీసులలో 10 రూపాయలు డీజిల్ సెస్సు విధించినది. జులై 1 నుండి దూరాన్ని బట్టి అదనపు సెస్సు వచ్చినది.

పన్నుల ప్రభావం కూడా ఇక్కడ గమనించాలి. 2021 నవంబరులో కేంద్రం డీజిల్‌పై ఎక్సైజు సుంకాన్ని 10 రూపాయలు తగ్గించినప్పుడు కర్ణాటక తన పన్నును కూడా 7 రూపాయలు తగ్గించినది. ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. పలమనేరు, కుప్పం వైపు నుండి బెంగుళూరు వెళ్ళే లారీలు సరిహద్దు దాటిన తరువాత ట్యాంకు నింపుకోవడం ఈ ప్రాంతీయులకు తెలిసిన విషయమే. కొండపైకి తిరిగే బస్సుకు ఆ వెసులుబాటు లేదు.

అయితే ఈ రెండు సందర్భాలలోను ఆర్టీసీలకు ఒక దారి మిగిలి ఉన్నది. డీజిల్ ఎక్కడ కొన్నా డీజిలే కనుక, ఒక అమ్మకందారు ధర పెంచితే మరొకరి వద్దకు వెళ్ళగలిగినవి.

కొండ ఎక్కడానికి కావలసిన శక్తి

తిరుపతి కన్నా తిరుమల 700 మీటర్ల మేర ఎత్తున ఉన్నది. 10 టన్నుల బరువున్న బస్సును అంత ఎత్తుకు చేర్చడానికి, ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం ప్రకారం 6.86 కోట్ల జౌళ్ళ శక్తి కావాలి. ఇది 19 యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఒక లీటరు డీజిల్‌లో ఇంచుమించు 10 యూనిట్ల శక్తి ఉన్నప్పటికీ, ఇంజను అందులో మూడవ వంతును మాత్రమే పనిగా మార్చగలదని అనుకొంటే, ఎత్తు ఎక్కడానికే 6 లీటర్లు ఖర్చవుతుంది. రోడ్డు రాపిడి, గాలి నిరోధం దీనికి అదనం.

దిగేటప్పుడు డీజిల్ బస్సులో ఈ శక్తి అంతా బ్రేకుల వద్ద, ఇంజనులో వేడిగా మారి పోతుంది. విద్యుత్ బస్సులో మోటారే జనరేటరుగా పనిచేసి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. కనుక ఘాట్ రోడ్డు విద్యుత్ బస్సుకు సహజంగా అనువైనది. ఈ మార్గం ఎంపికను కేవలం ప్రచారం కోసమని కొట్టివేయరాదు.

విద్యుత్ బస్సుల ఒప్పందం

2021లో ఏపీఎస్ఆర్టీసీ 100 విద్యుత్ బస్సులకు ఆర్డరు ఇచ్చినది. నిర్వహణ సంస్థ ఈవే ట్రాన్స్, తయారీ సంస్థ హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా గ్రీన్‌టెక్. బస్సుల విలువ 140 కోట్ల రూపాయలని, అనగా ఒక్కొక్కటి సగటున 1.4 కోట్లని, తయారీ సంస్థ ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వపు ఫేమ్ రెండవ దశ పథకం క్రింద వీటికి రాయితీ లభించినది. 50 బస్సులు తిరుమల ఘాట్‌కు, మిగిలినవి రేణిగుంట విమానాశ్రయం, మదనపల్లె, కడప, నెల్లూరు మార్గాలకు ఉద్దేశించినవి. 2022 సెప్టెంబరు 27న బ్రహ్మోత్సవాల సందర్భంగా నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి అలిపిరి వద్ద వీటిని ప్రారంభించాడు.

ఈ పద్ధతిలో బస్సు, డ్రైవరు, మరమ్మతులు కంపెనీవి. టిక్కెట్ల వసూలు ఆర్టీసీది. తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఆర్టీసీ నిర్ణీత మొత్తం కంపెనీకి చెల్లిస్తుంది. బస్సు నిండినా, ఖాళీగా వెళ్ళినా ఆ చెల్లింపు మారదు.

ఏక సరఫరాదారు పద్ధతి - లాభనష్టాలు

ఒకే సరఫరాదారుతో దీర్ఘకాల ఒప్పందం ఇతర రంగాలలోను ఉన్నది. ఫార్ములా వన్ మోటారు పందాలలో 2011 నుండి జట్లన్నిటికి పిరెల్లి కంపెనీయే టైర్లు ఇస్తున్నది. అక్కడ పోటీలో సమానత్వం ముఖ్య ప్రయోజనం. ప్రజా రవాణాలో ప్రయోజనాలు వేరు:

* పెట్టుబడి భారం ఆర్టీసీపై పడదు.
* డీజిల్ ధర ఆటుపోట్లతో నిమిత్తం లేకుండా ఖర్చును ముందుగా అంచనా వేయవచ్చు.
* బ్యాటరీ త్వరగా పాడైతే ఆ నష్టం కంపెనీదే అవుతుంది.

నష్టాలు కూడా గమనించదగినవి:

* ఛార్జింగ్ కేంద్రం, విడి భాగాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఒకే కంపెనీకి అనుగుణంగా ఉండడం వలన మధ్యలో మరొకరికి మారడం కష్టం.
* సరఫరాదారు కూడా మరొకరిపై ఆధారపడి ఉన్నాడు. ఒలెక్ట్రా బస్సులు చైనాకు చెందిన బీవైడీ సాంకేతిక సహకారంతో తయారైనవి.
* 12 సంవత్సరాలలో బ్యాటరీల ధర తగ్గితే ఆ లాభం, ఒప్పందంలో అందుకు తగిన షరతు లేనిచో, ప్రయాణికునికి చేరదు.

2023 మార్చిలో ఒలెక్ట్రా మాతృసంస్థయైన మేఘా ఇంజనీరింగ్, కొండపై ఉచిత రవాణాకు దేవస్థానములకు 10 విద్యుత్ బస్సులను విరాళంగా ఇచ్చినది. భక్తులకు ఇది మేలే. అయితే కొండపైన, ఘాట్‌లోను ఒకే వర్గపు వాహనాలు కావడంతో, తరువాతి టెండరులో ఇతరుల పోటీకి అవకాశం తగ్గవచ్చునన్నది ఆలోచించవలసిన విషయం.

ముగింపు

డీజిల్ భారం రోజువారీ ధరలో బాహాటంగా కనిపిస్తుంది. సెస్సు టిక్కెట్టుపైనే ఉంటుంది కనుక ప్రయాణికుడు ప్రశ్నించగలడు. ఒప్పంద భారం కిలోమీటరు రేటులో ఇమిడిపోయి, సామాన్యునికి కనిపించదు. అందువలన విద్యుత్ బస్సుల విజయాన్ని ఆదా అయిన డీజిల్‌తో మాత్రమే కొలవడం చాలదు. కిలోమీటరు రేటు, దానిని సవరించే పద్ధతి, బస్సు నడవని రోజుకు విధించే జరిమానా, గడువు ముగిసిన తరువాత ఛార్జింగ్ సదుపాయాలు ఎవరికి చెందుతాయి అన్న నాలుగు అంశాలు ప్రజలకు తెలిసినప్పుడే, కొండకు వెళ్ళే భక్తునిపై భారం తగ్గినదో, కేవలం చేయి మారినదో నిర్ణయించవచ్చును.

ఇవి కూడా చూడండి

* తిరుమల
* అలిపిరి
* ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ
* విద్యుత్ వాహనం